గాంధీనగర్ లాడ్జీలో 24 గంటల చెకౌట్: ఉంచాలా, తీసేయాలా?

గాంధీనగర్_గల్లా · శుక్రవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మాది మదనపల్లె వైపు. బెంగళూరు గాంధీనగర్‌లో, మెజెస్టిక్ బస్టాండ్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో, నాన్న ముప్పయ్యేళ్లుగా లాడ్జి నడుపుతున్నారు. 34 గదులు, ఒక లిఫ్టు. కింద టిఫిన్ సెంటర్ ఉంది కానీ అది వేరేవాళ్లది. పోయినేడాది నేను ఉద్యోగం మానేసి వచ్చి గల్లాలో కూర్చున్నాను. రిజిస్టర్ పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ కొన్నాను, రెండు బుకింగ్ యాప్‌లలో చేరాను. అప్పట్నుంచీ టెన్షనే.

మా దగ్గర మొదట్నుంచీ 24 గంటల చెకౌట్. తెల్లవారుజామున 5:40కి తాళం తీసుకుంటే మర్నాడు 5:40 దాకా గది మీదే. నాన్న లెక్క చూడముచ్చటగా ఉండేది. గల్లా వెనక గోడకి చెక్క బోర్డు, దానికి 34 మేకులు, మేకుకో ఇత్తడి బిళ్ల తాళం. తాళం ఇచ్చాక ఆ ఖాళీ మేకు కింద పలక ముక్క మీద సుద్దతో టైం రాసేవారు. 5.40. 9.15. 22.05. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే చాలు, ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిసిపోయేది.

సాఫ్ట్‌వేర్‌కి ఇది బుర్రకెక్కట్లేదు. దానికి తెలిసింది తారీఖు ఒక్కటే. పోయిన శనివారం యాప్‌లో బుక్ చేసుకున్న కుటుంబం మధ్యాహ్నం 12కి దిగింది, ఎందుకంటే యాప్‌లో చెకిన్ 12 అని ఉంది. వాళ్లకి రావలసిన గదిలో ఉన్నాయన ముందు రోజు సాయంత్రం 6కి వచ్చాడు. ఆయన లెక్కలో సాయంత్రం దాకా గది ఆయనదే. ఇద్దరూ గల్లా ముందు నిలబడ్డారు. ఇద్దరిదీ న్యాయమే. నాన్న నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

అందరిలాగా 12 టు 11, అంటే మధ్యాహ్నం 12కి చెకిన్, మర్నాడు 11కి చెకౌట్, పెట్టేయమని సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు అంటున్నారు. నాన్నేమో ఆ 24 గంటల బోర్డు చూసే జనం లోపలికొస్తారంటారు. మీరేమంటారు?

నైట్_ఆడిటర్ · శుక్రవారం రాత్రి 11:20

తీసెయ్ అన్నా, ఆలోచించకు.

నేను దేవనహళ్లి వైపు ఒక స్టార్ హోటల్లో తొమ్మిదేళ్లుగా ఫ్రంట్ ఆఫీసులో ఉన్నా. బయటివాళ్లకి తెలియని సంగతి ఒకటి చెప్తా. మా దగ్గర తారీఖు అర్ధరాత్రి మారదు. రాత్రి 2, 3 మధ్య నైట్ ఆడిట్ నడుపుతాం. ఆ రోజు అద్దెలన్నీ బిల్లులకి ఎక్కించి, రానివాళ్లని నోషో వేసి, అప్పుడు మేమే తారీఖు తిప్పుతాం. అది తిప్పేదాకా కంప్యూటర్‌కి ఇంకా నిన్నే. రాత్రి ఒంటిగంటకి ఫ్లైట్ దిగేవాళ్లు 15వ తేదీకి బుక్ చేసుకుని వస్తారు. పాపం వాళ్లకి కావలసింది 14 రాత్రి. వారానికి ఒకరైనా ఇలా వచ్చి లాబీ సోఫాలో కూర్చుంటారు.

ఇంత గందరగోళం ఉన్నా ఒక టైం పెట్టుకోవడానికి కారణం హౌస్‌కీపింగ్. అందరూ ఒకేసారి ఖాళీ చేస్తే దుప్పట్లు ఒకేసారి లాండ్రీకి పోతాయి, మనుషులు వరసగా ఫ్లోరు ఫ్లోరు సర్దుకుంటూ వస్తారు. గదికి అరగంట అనుకో. నీ పద్ధతిలో కుర్రాడు తెల్లారుజామున ఒక గది, తొమ్మిదికి ఇంకోటి, రాత్రి పదికి ఇంకోటి అంటూ మెట్లెక్కి దిగుతూనే ఉండాలి.

తెల్లారి_5గం · శనివారం ఉదయం 6:05

హోటల్ పని చేసేవాళ్లు హోటల్ వైపు నుంచే మాట్లాడతారు. మా వైపు నుంచి కూడా వినండి.

మాది కావలి. అమ్మకి హాస్పిటల్ చెకప్ కోసం రెండు నెలలకోసారి బెంగళూరు వస్తాం. మా వైపు నుంచి వచ్చే రాత్రి బస్సులు చాలావరకు టిన్ ఫ్యాక్టరీలోనో మడివాళలోనో తెల్లవారకముందే దింపేస్తాయి. హాస్పిటల్లో టోకెన్ ఎనిమిదికి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, రాత్రంతా బస్సులో ముడుచుకుని కూర్చుని ఉంటుంది. ఆ టైంలో మాకు కావలసింది పడక కూడా కాదు. ఒక బాత్రూం, రెండు బకెట్ల వేడినీళ్లు, చీర మార్చుకోవడానికి తలుపు ఉన్న గది.

యాప్‌లో బుక్ చేసిన హోటల్‌కి ఆరింటికి వెళ్తే 'చెకిన్ రెండింటికి సార్' అంటాడు రిసెప్షన్ కుర్రాడు. ఎర్లీ చెకిన్ కావాలంటే సగం రోజు అద్దె, అదీ గది ఉంటేనే. ఒకసారి అమ్మ లాబీ పక్కనున్న టాయిలెట్‌లో మొహం కడుక్కుని హాస్పిటల్‌కి వచ్చింది. గది అద్దె మాత్రం మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టారు, మేం సాయంత్రం దాకా హాస్పిటల్లోనే ఉన్నాం.

గల్లా గారూ, మీ నాన్నగారి మాట వినండి.

కోడూరు_కోడర్ · శనివారం ఉదయం 9:31

నేను ఐదేళ్లు హోటల్ సాఫ్ట్‌వేర్ రాశాను, ఇప్పుడు వేరే పనిలో ఉన్నా. తప్పు ఎక్కడుందో చెప్తాను.

గల్లా అన్నా, నీ సాఫ్ట్‌వేర్ లోపల గది అనేది వస్తువు కాదు, అంకె. 'డబుల్ నాన్ ఏసీ, 14వ తేదీ: 6'. అంతే. బుకింగ్ వస్తే 5 అవుతుంది. ఈ అంకెనే చానల్ మేనేజర్ అనే ప్రోగ్రాం అన్ని యాప్‌లకీ పంపుతుంది: తారీఖు, గది రకం, ఎన్ని మిగిలాయి, రేటు. 24 గంటల లెక్క ఇందులో ఇమడదు. 5:40 నుంచి 5:40 దాకా గది తీసుకున్నవాడు ఏ తారీఖులో ఒకటి తగ్గించాలి? 14లోనా, 15లోనా, రెండింట్లోనా? రెండింట్లో తగ్గిస్తే సగం గది అమ్ముడుపోకుండా మిగిలిపోతుంది. ఒకదాంట్లోనే తగ్గిస్తే నీ శనివారం పంచాయితీ.

అలాగని గంటల లెక్క చేయలేనంత కష్టమేమీ కాదు. ప్రతి బుకింగూ ఒక గీత అనుకో, ఇంత టైం నుంచి ఇంత టైం దాకా. చివర సర్దడానికి ఇంకో ముప్పావుగంట కలుపు. ఏ క్షణంలో చూసినా ఒకదానిమీద ఒకటి పడే గీతలు 34 దాటకపోతే చాలు, అందరికీ గదులు సరిపోతాయి. మొదలయ్యే టైం వరసలో పేర్చుకుంటూ పోతే ఏ గీత ఏ గదికో కూడా తేలిపోతుంది. కాలేజీలో రెండో ఏడాది పిల్లలు చేసే లెక్క ఇది. మీ నాన్నగారు పలక ముక్కల మీద చేసింది అదే.

చిక్కు ఎక్కడంటే, నువ్వు ఎంత బాగా రాసుకున్నా యాప్‌లతో మాట్లాడే భాష తారీఖులదే. నీ దగ్గర టైం ఉంటుంది, పంపే దారిలో టైంకి చోటు లేదు.

గాంధీనగర్_గల్లా · శనివారం ఉదయం 10:02

'గది అనేది వస్తువు కాదు, అంకె' అన్న మాట నాన్నకి చదివి వినిపించాను. 'అందుకే మొన్న అంకె వచ్చి గల్లా ముందు నిలబడింది' అన్నారు.

డిజిటల్_దాసు · శనివారం ఉదయం 11:15

ఇంత చర్చ ఎందుకు ఫ్రెండ్స్? ప్రపంచం ఎక్కడికో పోయింది. కియోస్క్ పెట్టండి, ఫేస్ స్కాన్, డిజిటల్ తాళం ఫోన్‌కే వస్తుంది. రిసెప్షనే అక్కర్లేదు. జపాన్‌లో రోబోలే హోటల్ నడుపుతున్నాయి.

నైట్_ఆడిటర్ · శనివారం ఉదయం 11:48

దాసు గారూ, ఆ జపాన్ కథ సగమే చెప్పారు. నాగసాకిలో హెన్ నా హోటల్ 2015లో తెరిచారు, రిసెప్షన్‌లో డైనోసార్ రోబో. 2019కి వచ్చేసరికి ఉన్న 243 రోబోల్లో సగానికి పైగా తీసేశారు. గదిలో పెట్టిన బొమ్మ రోబో, మనిషి గురక పెడితే తనతో మాట్లాడుతున్నాడనుకుని 'మీ మాట అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి' అని నిద్రలేపేదట. మా నాన్నలాంటి వాళ్లు ఆ గదిలో పడుకుంటే తెల్లార్లూ సంభాషణే.

తాళాల సంగతి కూడా చెప్తా. 2024 మార్చిలో శాఫ్లాక్ అనే హోటల్ కార్డు తాళాల్లో లోపం బయటపడింది, దాని పేరు అన్‌శాఫ్లాక్. ఆ హోటల్‌ది ఒక్క కార్డు, పాతదైనా సరే, చేతికి దొరికితే దాన్నిబట్టి రెండు నకిలీ కార్డులు చేసి ఏ తలుపైనా తెరవచ్చని తేలింది. అప్పటికి 131 దేశాల్లో 30 లక్షల తలుపులకి ఆ తాళాలున్నాయి. గల్లా అన్న ఇత్తడి బిళ్ల తాళానికి ఇంత రిస్కు లేదు. జేబులో వేసుకుని ఊరెళ్లిపోతారు, అంతే.

పాత_మేనేజర్ · శనివారం మధ్యాహ్నం 1:10

నేను తిరుపతిలో ముప్పై రెండేళ్లు లాడ్జి మేనేజరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అబ్బాయి దగ్గర హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో ఉంటున్నాను.

ఫేస్ స్కాన్‌ని ఊరికే కొట్టిపారేయకండి బాబూ. తిరుమలలో 2023 మార్చి నుంచి గదులిచ్చే చోట, కాషన్ డిపాజిట్ తిరిగి ఇచ్చే చోట ముఖం చూసే పద్ధతి పెట్టారు. ఒకే మనిషి మళ్లీ మళ్లీ గదులు తీసుకుని దళారీ పని చేయకుండా. అక్కడ దాని అవసరం ఉంది, అన్ని వేల గదులు, లక్షల జనం. 34 గదుల లాడ్జీలో ఎవరు ఎవరో గల్లాలో కూర్చున్న మనిషికి తెలియదా?

ఇంకో మాట. గంటల లెక్కన గదులిస్తామని బోర్డు పెడితే ఊళ్లో లాడ్జికి ఏ పేరొస్తుందో ఆలోచించుకోండి. 24 గంటలంటే మర్యాద. మూడు గంటలంటే జనం వేరేగా చూస్తారు. నా అనుభవం చెబుతున్నాను.

బకెట్_మగ్ · శనివారం మధ్యాహ్నం 3:26

పాత మేనేజర్ గారూ, ఆ భయం నిజమే, కానీ పేరు పెట్టడంలోనే చాలావరకు ఉంది. 'గంటకి ఇంత' అని రాస్తే ఒక అర్థం. 'ప్రయాణికులకు స్నానపు గది, ఉదయం 4 నుంచి 9 వరకు, టికెట్ చూపించాలి' అని రాస్తే ఇంకో అర్థం. రైల్వే రిటైరింగ్ రూములు పీఎన్ఆర్ చూపిస్తేనే ఇస్తారు, వాటిని ఎవరూ తప్పుగా అనుకోరు కదా.

నేను ఇంటీరియర్ డిజైనర్‌ని, చిన్న హోటళ్లకి గదులు చేస్తుంటాను. ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లోనే 2004లో టాటావాళ్లు ఇండివన్ అని తక్కువ అద్దె హోటల్ తెరిచారు, తర్వాత జింజర్ అయింది. చిన్న గది, అనవసరమైనవి తీసేసి కావలసినవి బాగా ఇవ్వడం. ఆ ఆలోచన గొప్పది. కానీ దాన్ని చూసి నకలు కొట్టినవాళ్లు తీసేయడం ఒక్కటే నేర్చుకున్నారు.

మొన్న ఒక కొత్త హోటల్లో దిగాను, పేరు చెప్పను. గదిలో టాబ్లెట్‌తో లైట్లు వేయొచ్చు, కర్టెన్ తెరవొచ్చు. బాత్రూంలో బకెట్ లేదు. మగ్గు లేదు. తడి తువ్వాలు ఆరేయడానికి కొక్కెం లేదు, గాజు తలుపు మీద వేశాను. మంచం పక్కన ప్లగ్గు ఒక్కటే, అందులో దీపం పెట్టి ఉంది. ఫోన్ చార్జింగ్ టీవీ వెనక. మా అత్తగారు పడుకున్నాక లైటు ఆర్పమంటే టాబ్లెట్ అప్‌డేట్ అవుతోంది. చీకటి కోసం కార్డు లాగేశాం, దాంతో ఏసీ కూడా పోయింది.

తలుపు పక్కన కార్డు పెట్టే ఆ డబ్బాల సంగతి తెలుసు కదా, చౌకరకం వాటిలో ఏ కార్డు పెట్టినా కరెంటు వస్తుంది. నేనెప్పుడూ పాత విజిటింగ్ కార్డు ఒకటి పర్సులో పెట్టుకుంటా.

గల్లా తమ్ముడూ, నీకున్నది రాత్రి బస్సు గిరాకీ. ముందు గీజర్లు చూడు. తెల్లవారుజామున పది గదుల్లో ఒకేసారి వేడినీళ్లు వస్తాయా?

గాంధీనగర్_గల్లా · శనివారం సాయంత్రం 5:50

అక్కా, సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. టెర్రస్ మీద సోలార్, మబ్బు పడితే మూడో అంతస్తుకి చల్లనీళ్లే. రాసుకున్నాను.

డబ్బు సంగతి కూడా ఎవరైనా చెప్పండి. యాప్‌వాళ్లు 20 శాతం తీసుకుంటున్నారు.

నైట్_ఆడిటర్ · శనివారం సాయంత్రం 7:14

20 అనుకుంటున్నావు, 20 కాదు. 1,500 గదికి కమీషన్ 300. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, 54. చేతికి 1,146. గతంలో ఆ 54 ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే నువ్వు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి వీలుండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదులకి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కస్టమర్‌కి మంచిదే, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే ఆ 54 నీ నెత్తిమీదే. సాఫ్ట్‌వేర్ చందా మీద కట్టే జీఎస్టీ కూడా అంతే.

రేటు గురించి ఇంకోటి. తమ యాప్‌లో కంటే తక్కువకి ఇంకెక్కడా ఇవ్వకూడదనే షరతు మీద 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్, గోఐబిబోలకి 223.48 కోట్ల జరిమానా వేసింది, ఆ షరతులు మార్చమంది. నీ ఒప్పందం కాగితం తీసి ఆ వాక్యం ఉందేమో చదువుకో.

కోడూరు_కోడర్ · ఆదివారం ఉదయం 8:40

రాత్రంతా దీని గురించే ఆలోచించా. ఒక పోలిక తట్టింది.

రెడ్‌బస్ ఎలా పుట్టిందో మనలో చాలామందికి తెలుసు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఊరెళ్లడానికి ఫణీంద్ర సామాకి బస్సు టికెట్ దొరకలేదు. ట్రావెల్స్ ఆఫీసులు తిరిగితే, ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఏజెంట్లకే సరిగ్గా తెలియదని అర్థమైంది. 2006లో స్నేహితులతో కలిసి కంపెనీ పెట్టాడు. ఆ లెక్కని అందరికీ కనిపించేలా చేయడమే అసలు పని.

ఇప్పుడు చూడండి, బస్సు యాప్‌కి అన్నీ తెలుసు. ఈ మనిషి ఏ సీట్లో ఉన్నాడు, ఎన్నింటికి ఎక్కాడు, మడివాళలో ఎన్నింటికి దిగుతాడు. విమానాశ్రయంలోనూ అంతే, డిజియాత్ర 2022 డిసెంబర్‌లో మొదలైన మూడు చోట్లలో బెంగళూరు ఒకటి, గేటు దగ్గర ముఖం చూపిస్తే నీ ఫ్లైట్ ఏదో దానికి తెలుసు. మనిషి బెంగళూరులో కాలు పెట్టే నిమిషం దాకా అందరికీ టైం తెలుసు. హోటల్ యాప్ దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి మళ్లీ 'ఒక రాత్రి' అయిపోతాడు. రావడం తెల్లారి, లెక్కేమో రాత్రి!

కాబట్టి గల్లా అన్నా, ఇలా చేసి చూడు. గదులు రెండు భాగాలు చెయ్. పది గదులు యాప్‌లకి, అవి 12 టు 11, వాటి జోలికి 24 గంటల లెక్క రానివ్వకు. మిగతా 24 గదులు నీవి. నేరుగా వచ్చేవాళ్లకి, ఫోన్ చేసేవాళ్లకి, 24 గంటల చెకౌట్. వీటి కోసం వేరే చిన్న షీటు, గీతల లెక్క, నేను చేసిస్తా, డబ్బులొద్దు. బుక్ చేసేటప్పుడు పేరు కంటే ముందు ఒక ప్రశ్న అడుగు: ఏ బస్సు, ఏ రైలు? బస్సు లేటైతే గీత జరుగుతుంది.

తెల్లారి_5గం · ఆదివారం ఉదయం 9:02

ఒక్క ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న ఇన్నేళ్లలో మమ్మల్ని ఏ హోటలూ అడగలేదు.

పాత_మేనేజర్ · ఆదివారం ఉదయం 10:30

ఆధార్ జిరాక్సుల సంగతి కూడా చూసుకో బాబూ. మా లాడ్జీలో బీరువా నిండా ఉండేవి, చివరికి పకోడీల పొట్లాలకి పోయాయేమో దేవుడికే తెలియాలి. 2022 మే నెలలో ఆధార్ వాళ్ల బెంగళూరు ఆఫీసే జిరాక్సులు ఇవ్వద్దని ప్రకటన ఇచ్చింది, రెండు రోజులకి ఢిల్లీ వాళ్లు వెనక్కి తీసుకున్నారు. అయినా చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంది కదా, అది తీసుకో. వాట్సాప్‌లో పంపించుకుని ఫోన్‌లో అలాగే వదిలేయకు.

గాంధీనగర్_గల్లా · మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:18

ఏమైందో మీకు చెప్పాలి కదా, చెప్తున్నా.

కోడర్ అన్న షీటు చేసిచ్చాడు. పది గదులు యాప్‌లకి వదిలాం. రెండో అంతస్తులో నాలుగు గదుల గీజర్లు మార్చి, మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేవాటిని రాత్రికి ఇవ్వకుండా తెల్లవారికి ఉంచుతున్నాం. అక్క చెప్పినట్టు ఒక గదిని స్నానాల గది చేశాం, టికెట్ చూపిస్తేనే. మంచాల పక్కన ప్లగ్గులు, బాత్రూంలో రెండేసి కొక్కేలు. హౌస్‌కీపింగ్ కుర్రాళ్లకి తెల్లవారుజాము డ్యూటీకి జీతం పెంచాల్సి వచ్చింది, ఆడిటర్ అన్న చెప్పింది నిజమే, అది ఉచితంగా రాదు.

తప్పులూ జరిగాయి. మొదటి శుక్రవారం కర్నూలు నుంచి వస్తానన్న ఆయన బస్సు దారిలో ఆగిపోయి పదకొండింటికి వచ్చాడు. ఆయన గీత జరపడం మర్చిపోయి ఆ గదిని తొమ్మిదికి ఇంకొకరికి ఇచ్చేశాను. నాన్న ఆయన్ని తన సొంత గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు, 'స్వల్ప అడ్జస్ట్ మాడి' అని కన్నడంలో అంటే ఆయన తెలుగులో తిట్టాడు. నలభై నిమిషాలకి గది ఇచ్చాం. ఇప్పుడు బస్సు లేటైతే మెసేజ్ పెట్టమని ముందే చెప్తున్నాం, సగం మంది పెడుతున్నారు.

యాప్‌ల గదుల్లో గొడవ ఆగింది. నా 24 గదుల్లో ఖాళీ తగ్గిందో లేదో చెప్పడానికి ఇరవై రోజులు చాలవు, దసరా దాకా చూడాలి.

నాన్న మాత్రం స్క్రీన్ వైపు చూడరు. పలక ముక్కలు తీయనివ్వలేదు. నేను షీటులో ఎక్కించడం, ఆయన సుద్దతో రాయడం, రాత్రి పడుకునే ముందు రెండూ సరిచూడటం. ఇప్పటికి మూడుసార్లు తేడా వచ్చింది, మూడుసార్లూ షీటుదే తప్పు. నేను ఎక్కించడం మర్చిపోయానన్నమాట.

కోడూరు_కోడర్ · ఆదివారం రాత్రి 9:40

తేడా వస్తే ఎర్రగా చూపించేలా చేస్తా. కానీ దానికి పలక ముక్కల ఫోటో తీసి పెట్టాలి నువ్వు.

తెల్లారి_5గం · ఆదివారం రాత్రి 10:11

గల్లా గారూ, వచ్చే బుధవారం అమ్మని తీసుకొస్తున్నాను. ఈసారి మెజెస్టిక్ దాకా వచ్చే బస్సే చూసుకుంటాను. కింది అంతస్తులో గది ఉంటుందా?

గాంధీనగర్_గల్లా · ఆదివారం రాత్రి 10:13

ఉంటుందండీ. ఏ బస్సు?